ఐదో పేరు

మార్చి పద్నాలుగు, మంగళవారం. ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు ఒక ముసలాయన నా టేబుల్ ముందుకు వచ్చాడు. పదకొండూ నలభై నాలుగుకి వెళ్లిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో నేను చేసిన పొరపాట్లు చాలావరకు దిద్దుకున్నాను. కూడికలు తప్పితే మళ్లీ వేశాను, ఉత్తరం తప్పితే మళ్లీ రాశాను. ఈ నాలుగు నిమిషాలను మాత్రం ఏమీ చేయలేకపోయాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఫైలు ఎలా రాయాలి, రిజిస్టరు ఎలా పెట్టాలి అని నన్ను అడుగుతుంటారు. అవి మీకు ఎవరైనా నేర్పుతారు. నేను ఇది చెబుతాను.

అది జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడాది. బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వచ్చాయి. తెనాలి పాత జిల్లాలోనే ఉండిపోయింది. నా ఇల్లు తెనాలిలో, ఉద్యోగం బాపట్లలో. రోజూ రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. సైనిక కుటుంబాల ఫైళ్లు చూసే సెక్షన్‌కు నేను సూపరింటెండెంట్‌ని. నా కింద ఒక జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి ఉండేది. ముప్పై ఏళ్లుంటాయి. పని చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఆ మంగళవారానికి, రిటైరవడానికి నాకు ఇంకా పది నెలల పదిహేడు రోజులున్నాయి.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో ఒక ఊరి సెంటర్లో, యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లతో ఒక సిమెంటు స్తంభం ఉండేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లవి మొత్తం తొమ్మిది పేర్లు. రోడ్డు వెడల్పు చేయడంలో స్తంభం పోతుంది కాబట్టి పక్కన కొంచెం స్థలం తీసుకుని గ్రానైటు రాయి నిలబెట్టాలని, పేర్లు దాని మీద కొత్తగా చెక్కించాలని నిర్ణయించారు. పాత స్తంభం కట్టినవాళ్లు పేర్లు ఎక్కడినుంచి తెచ్చారో ఒక్క కాగితం కూడా లేదు. అందుకని నేనొక నమూనా పత్రం తయారుచేశాను. ఒక్కో పేరుకూ మూడు ఆధారాలు ఉండాలి, కుటుంబంలో ఒకరి సంతకం ఉండాలి, మూడు ఆధారాలూ ఒకదానితో ఒకటి సరిపోవాలి, సరిపోని పేరు రాయి మీదికి ఎక్కదు. ఇది పైనుంచి వచ్చిన నియమం కాదు. ప్రతి వాక్యం నాదే. ఆఫీసరుగారు చదివి, "చాలా పకడ్బందీగా ఉంది మేడమ్" అన్నారు. నాకు సంతోషంగా అనిపించింది.

ఎనిమిది పేర్లకు కుటుంబాలు త్వరగానే దొరికాయి. ఐదో పేరుకు ఎవరూ దొరకలేదు. ఆ పేరు ఇక్కడ రాయను. రాయకపోవడానికి కారణం చదివితే మీకే తెలుస్తుంది. పేపర్లో ప్రకటన వేయించాం. దాన్ని చూసి ఆరుగురు వచ్చారు. ఒకాయన ఆ సైనికుడు తన సొంత మేనమామ అన్నాడు, కానీ మేనమామకు అమ్మ ఎవరో చెప్పలేకపోయాడు. ఇద్దరు ఒకే రోజున వచ్చి, ఆయన మా తాతంటే మా తాతని వరండాలో పోట్లాడుకున్నారు. రాయి ఆవిష్కరణ రోజున కుటుంబాలను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతారని ప్రకటనలో ఉంది. శాలువా కోసం మనుషులు చుట్టరికాలు పుట్టించగలరని నాకు అప్పుడే తెలిసింది.

ఏడోవాడు ఆ ముసలాయన.

ఉతికిన తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో పేపరు కత్తిరింపు. అరచేతులు మాత్రం మనిషికి మించి పెద్దవిగా కనిపించాయి.

"ఏంటండీ పని?" అన్నాను.

"ఆ స్తంభం గురించండమ్మా. పేపర్లో ఏశారు కదండి. అందులో ఐదో పేరు."

"మీకేమవుతారు?"

"ఏమవడమేంటండి, ఆ పేరు నాదేనండి."

మా సెక్షన్ అమ్మాయి కంప్యూటర్ వెనకనుంచి తల ఎత్తింది.

"అది చనిపోయినవాళ్ల జాబితా అండీ" అన్నాను.

"తెలుసండి. చచ్చిపోయింది మా తమ్ముడండి. పేరు మాత్రం నాది పడిందండి. కొత్త రాయి చెక్కుతున్నారంట కదా. నా పేరు తీసేసి వాడి పేరు పెట్టమని అడుగుదామని వచ్చానండి. శాలువాలూ అయ్యీ నాకొద్దండి."

ఆధార్ కార్డు అడిగాను. ఇచ్చాడు. అందులో ఐదో పేరు లేదు. వేరే పేరు ఉంది.

"ఈ కార్డులో వేరే పేరుంది."

"అది మా తమ్ముడి పేరండి."

"అంటే మీ కార్డు అబద్ధమా, మీ మాట అబద్ధమా?"

కార్డు ఆయన చేతికి తిరిగిచ్చాను.

"ఏది అబద్ధమో కాగితం మీద రాసి, సంతకం పెట్టి తీసుకురండి. ఇంకొకరి పేరుతో కార్డు తీసుకోవడం నేరమని తెలుసుకుని మరీ రాయండి" అన్నాను.

"రాస్తే ఏమన్నా అవుద్దా అమ్మా? నాకైతే పర్లేదండి, ఎన్నాళ్లుంటాను. మా అమ్మాయి కాగితాలన్నిట్లో తండ్రి పేరు అదేనండి."

"అవుతుందో అవదో నేను చెప్పలేను. రాయకపోతే మాత్రం ఈ ఆఫీసులో ఏ పనీ అవదు."

ఆయన కార్డును తువ్వాలుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచిదండి. పనిలో ఉన్నారు, ఇబ్బంది పెట్టాను" అని వెళ్లిపోయాడు.

"పాపం మేడమ్. ఆయన ముఖం చూస్తే అబద్ధమాడేవాడిలా లేడు" అంది మా అమ్మాయి.

"ముఖం ఏ కాలమ్‌లో రాయమంటావు?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. ఆ జవాబు బాగా కుదిరిందని ఆ రోజు రెండుమూడుసార్లు అనుకున్నాను కూడా.

నా టేబుల్ మీద సందర్శకుల రిజిస్టరు ఒకటి ఉండేది. దరఖాస్తు తెచ్చినవాళ్ల పేరు, ఊరు, ఫోను నంబరు అందులో రాసేదాన్ని. దరఖాస్తు లేకుండా వచ్చినవాళ్లను రాసేదాన్ని కాదు. రాస్తే మనం ఆ పనిని స్వీకరించినట్టవుతుందని నా వాదన. నా సొంత డైరీలో మాత్రం ఆ రోజు పేజీలో ఒక వాక్యం ఉంది: "11.40 నుంచి 11.44. ఐదో పేరు, ఏడో మనిషి, కాగితం లేదు." ఊరు లేదు. ఫోను నంబరు లేదు.

సైన్యం రికార్డు ఆఫీసుకు నేను రాసిన ఉత్తరానికి జవాబు జూన్ ఐదున, సోమవారం వచ్చింది. ఐదో పేరున్న సైనికుడు డెబ్బై ఒకటి యుద్ధంలో చనిపోయాడు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఊరు అన్నీ ఉన్నాయి. స్తంభం ఉన్న ఊరే. మరణవార్త తండ్రికి పంపామని, ఆ తర్వాత రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదని, కుటుంబం దేనికీ దరఖాస్తు పెట్టుకోలేదని ఉంది. దరఖాస్తే పెట్టుకోని కుటుంబాన్ని నా సర్వీసులో అప్పటిదాకా చూడలేదు. వింతగా ఉందని మార్జిన్‌లో పెన్సిలుతో గీత గీశాను. గీతతో ఆపేశాను.

ఆ ఊళ్లో ఆ ఇంటిపేరు ఉన్న రైతు కుటుంబాలు ఇరవై మూడు. జాబితా రాసుకుని ఇంటింటికీ వెళ్లాను. మజ్జిగ ఇచ్చారు, కాఫీ ఇచ్చారు, మూడు తరాల వంశవృక్షాలు చెప్పారు. ఆ తండ్రి పేరు ఎవరి ఇంట్లోనూ లేదు. మధ్యలో రేపల్లె వెళ్లి పాత ఓటర్ల జాబితాలు, తెనాలిలో పాత తాలూకా కాగితాలు వెతికాను. సెలవు రోజుల్లో తిరిగినవి కూడా కలిపి ఆ ఊరికి పదిహేడుసార్లు, రేపల్లెకు తొమ్మిదిసార్లు, తెనాలిలో ఐదుసార్లు. మొత్తం ముప్పై ఒకటి.

అక్టోబరు ఏడు, శనివారం. ఇరవై మూడో ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చుని మినుములు ఎండబోస్తున్నాడు. అది నేను ఆ ఇంటికి వెళ్లడం మూడోసారి.

"మళ్లీ వచ్చావేంటమ్మా? మా చుట్టాల్లో కలిసిపోయేలా ఉన్నావు" అన్నాడు.

"ఈ ఇంటిపేరు వాళ్లు ఇంకెవరూ లేరా బాబాయిగారూ ఈ ఊళ్లో?"

"మావాళ్లు ఇంతేనమ్మా." కాసేపు మినుములు కెలికి, "పేటలో ఉన్నారనుకో ఈ ఇంటిపేరు వాళ్లు. చర్చి దగ్గర" అన్నాడు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఆ మాట నాలుగు నెలల నుంచీ ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు అడిగింది మావాళ్ల గురించి కదమ్మా" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు.

నేను తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని. ఒకే ఇంటిపేరు రైతుల వీధిలోనూ దళితుల పేటలోనూ ఉంటుందని నాకు తెలియక కాదు. ఇరవై మూడు ఇళ్ల జాబితా రాసుకుంటున్నప్పుడు పేట నా మనసులోకి రాలేదు, అంతే. ఆ పెద్దాయనను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఇద్దరం ఒకే ఊరిని ఒకే విధంగా చూశాం.

సోమవారం ఆఫీసుకు వచ్చి, బాప్తిస్మం రిజిస్టరు పరిశీలనకు అనుమతి కోరుతూ ఆ చర్చికి ఉత్తరం తయారుచేశాను.

"ఉత్తరం ఎందుకు మేడమ్? ఆ ఊళ్లో ఆటో ఎక్కితే అయిదు నిమిషాలు. నేను వెళ్లొస్తానుండండి" అంది మా అమ్మాయి.

"అనుమతి లేకుండా చూసింది ఆధారం కిందికి రాదు" అన్నాను.

జవాబు నవంబరు తొమ్మిదిన వచ్చింది. ముప్పై ఒక్క రోజులు. పదకొండో తారీకు రెండో శనివారం, సెలవు. అయినా వెళ్లాను. పాస్టరుగారు కొత్తగా వచ్చిన యువకుడు.

"మీరు ఉత్తరం రాశారేంటండీ? గుడి తలుపు తీసే ఉంటుంది కదా. గవర్నమెంటు ఉత్తరం వచ్చేసరికి భయపడి మా పైవాళ్లకు పంపాను. వాళ్లు మీటింగు పెట్టుకుని సరేననేసరికి ఇన్నాళ్లయింది" అన్నారు.

పాత రిజిస్టరు చెదలు తగలకుండా గుడ్డలో చుట్టి ఉంది. ఇద్దరు అన్నదమ్ముల బాప్తిస్మాలు మూడేళ్ల తేడాతో ఉన్నాయి. పెద్దవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రికార్డు ఆఫీసు ఉత్తరంతో అచ్చంగా సరిపోయాయి. నాకు ఎంత ఆనందమైందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. బ్యాగులోంచి నమూనా తీసి రెండో ఆధారం గడిలో టిక్కు పెట్టాను.

"పెద్దవాడు యుద్ధంలో పోయాడంటారండి. చిన్నవాడు చాలాకాలం కిందటే పెనుమూడి వెళ్లిపోయాడట. వంతెన రాకముందు రేవులో పడవ మీద పనిచేసేవాడట" అన్నారు పాస్టరుగారు.

సంతకం ఆయన దగ్గర తీసుకోవచ్చని చిన్నవాడి పేరు రాసుకోబోయాను. రెండక్షరాలు రాసేసరికి చెయ్యి ఆగింది. ఆ పేరు నేను అంతకుముందు చదివాను. కార్డు మీద చదివాను. పేర్లు మరిచిపోయే అలవాటు నాకు లేదు. అంటే ఆ ఎనిమిది నెలలూ ఆ పేరు నా తలలోనే ఉంది. నేను ముప్పై ఒక్కసార్లు తిరిగినది అది తప్ప మిగతావన్నీ వెతుకుతూ.

అక్కడినుంచి రేపల్లె బస్సెక్కాను. రేపల్లెలో ఆటో మాట్లాడుకున్నాను. ఆయన మాట నమ్మనందుకు ముందు క్షమాపణ చెప్పాలి, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని దరఖాస్తు నా చేత్తో నేనే రాయాలి, ఏ వాక్యం ఎలా రాస్తే ఆయన కూతురికి ఇబ్బంది రాకుండా ఉంటుందో దారంతా అదే ఆలోచించాను. పెనుమూడిలో పేరు చెబితే ఇల్లు వెంటనే చూపించారు. కరకట్ట కింద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గోడకు ఆయన ఫొటో ఉంది. దండ వేసి ఉంది. పూలు వాడిపోయాయి గాని పూర్తిగా ఎండలేదు.

"ఎప్పుడమ్మా?" అన్నాను ఆయన కూతురితో. అంగన్‌వాడీ టీచరు. నలభై దాటినట్టుంది.

"అక్టోబరు ఇరవై మూడండి. గుండెపోటు. మీరెవరండీ?"

పంతొమ్మిది రోజులు. నేను చర్చికి ఉత్తరం పంపిన పద్నాలుగో రోజు. ఎక్కడినుంచి వచ్చానో చెప్పాను.

"బాపట్ల ఆఫీసులో మేడమ్ గారా? నాన్న చెప్పాడండి మీ గురించి. ఆవిడ కసురుకోలేదమ్మా, మర్యాదగానే మాట్లాడింది, రూలు చెప్పింది, ఆవిడ తప్పేం లేదు అన్నాడు. కూర్చోండి, మంచినీళ్లు తెస్తాను."

ఆ నీళ్లు నేను తాగలేకపోయాను.

ఆమె చెప్పింది ఇది. అన్నదమ్ములిద్దరూ సైన్యంలో మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి బాపట్ల వెళ్లారు. చేరాలనుకున్నది అన్న. ఎనిమిదో తరగతి పాసైనవాడు. తమ్ముడు అన్నం మూట మోయడానికి వెంట వెళ్లాడు. కొలతల వరసలో అన్న ఛాతీ అంగుళమున్నర తక్కువొచ్చింది. పేరు కూడా రాసుకోకుండా పక్కకు నెట్టేశారు. పదమూడో ఏటనుంచీ ధాన్యం బస్తాలు మోసిన తమ్ముడికి పదహారేళ్లకే అన్నకంటే వెడల్పు ఛాతీ ఉంది. "ఆ కాగితాలు ఇటివ్వు అన్నాయ్, నీ ఛాతీ నేను కొలిపించుకొస్తా" అని మర్నాడు నవ్వుతూ వరసలో నిలబడ్డాడు. అప్పట్లో ఆ కాగితాల మీద ఫొటోలు ఉండేవి కావు. సాయంత్రానికి అన్న పేరుతో తమ్ముడు సిపాయి అయిపోయాడు.

"సెలవుకొచ్చినప్పుడు నిజం చెప్పేసి మార్పించుకుందాం అనుకున్నారంటండి. ఆ సెలవు రాలేదు. నాన్నే చచ్చిపోయినట్టు టెలిగ్రాం వచ్చింది. మా తాత చదివించుకుని, పోయినోడు పోయాడు, ఉన్నోడు జైలుకి పోకూడదు అని, ఆ రాత్రికే నాన్నని ఇక్కడికి పంపేశాడు. నాన్న సర్టిఫికెట్లు బాబాయితో పోయాయి. నాన్నకి మిగిలింది బాబాయి పేరేనండి. అదే పెట్టుకుని బతికాడు." ఆమె గ్లాసు నా వైపు జరిపింది. "తెనాలి బస్సు ఆ ఊరి సెంటర్లో ఆగితే నాన్న కళ్లు మూసుకునేవాడండి. నిద్రపోతున్నాడు కాబోలనుకునేదాన్ని చిన్నప్పుడు. కొత్త రాయి పడుతుందని పేపర్లో చూసి పిచ్చి సంతోషం. ఇప్పుడన్నా వాడి పేరు వాడికి ఇచ్చేస్తానని కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఆ ఒక్క పని చేసి పోవాలని ఉండేది ఆయనకి."

"నువ్వు రాసిస్తావా అమ్మా?" అన్నాను. "రాసి సంతకం పెట్టాలి." అదే మాట రెండోసారి నా నోటినుంచి వచ్చింది.

ఆమె ఫొటో వైపు చూసింది. "నా టెన్త్ సర్టిఫికెట్టు నుంచి నా పిల్లల కుల సర్టిఫికెట్ల దాకా అంతా ఆ పేరు మీదే ఉందండి. నా ఉద్యోగం కూడా. రాస్తే ఏమవుద్దండి?"

ఈసారి నేను నిజం చెప్పాను. "విచారణ వేస్తారు. ఏళ్లు పడుతుంది. చివరికి ఏమవుతుందో నాకు తెలియదు. సైన్యంవాళ్లు పేరు మారుస్తారన్న నమ్మకం కూడా లేదు. మార్చాలంటే మీ నాన్న వాంగ్మూలం కావాలి."

"నాన్నని అడిగితే వద్దనేవాడండి. మీరు రాయమంటే రాయకుండా ఎందుకొచ్చేశాడనుకున్నారు? నా గురించే" అంది. ఆ తర్వాత తల వంచుకుని ఏడ్చింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేయాలనుకున్నాను. వేయలేదు. ఆ చేత్తోనే కదా కార్డు తిరిగిచ్చాను.

మూడో ఆధారం వెతకాల్సిన అవసరం లేకుండా దొరికింది. రేపల్లెలో అన్న చదివిన బోర్డింగు స్కూలు అడ్మిషన్ రిజిస్టరు. పేరు, తండ్రి, తేదీ మళ్లీ అచ్చంగా అవే. నా సర్వీసులో మూడు ఆధారాలు ఒక్క అక్షరం తేడా లేకుండా కుదిరిన పేరు అదొక్కటే. మిగతా ఎనిమిదింటిలో ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట తారీకు తేడా వచ్చి నేను సంజాయిషీ రాయాల్సి వచ్చింది. వాళ్లందరూ నిజంగా చనిపోయినవాళ్లు.

రాయి మీద ఐదో వరుస ఖాళీగా వదలాలని రెండు పేజీల నోట్ రాసి ఆఫీసరుగారికి ఇచ్చాను. కారణం పూర్తిగా రాయలేకపోయాను. రాస్తే ఆ కూతురి కాగితాల సంగతి ఫైల్లోకి వస్తుంది. ఆయన చదివి కళ్లజోడు తీశారు.

"మూడు ఆధారాలూ కుదిరాయని మీరే రాశారు. కుదిరినా ఆపాలంటున్నారు. ఎందుకో రాయలేదు. ఆధారాలు కుదిరిన పేరును ఆపొచ్చని మీ నమూనాలో ఎక్కడుంది మేడమ్?"

ఎక్కడా లేదు. నేను రాసిన నమూనాలో కుదరని పేరును ఆపడానికి నాలుగు దారులున్నాయి. కుదిరిన పేరును ఆపడానికి ఒక్కటీ లేదు. నోట్ వెనక్కి తీసుకున్నాను.

జనవరి పంతొమ్మిది, శుక్రవారం. కుటుంబం తరఫున ఆ కూతురు ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టింది. పెట్టనంటే ఎందుకో ఫైల్లో రాయాల్సి వచ్చేది. ఆమె పక్కనే "పరిశీలించి ధ్రువీకరించడమైనది" అన్న గీత కింద నేను పెట్టాను. మా ఇద్దరికీ తెలుసు. మా అమ్మాయికీ తెలుసు, ఆమెకు నేను చెప్పాను. ముగ్గురం ఒక టేబుల్ చుట్టూ కూర్చుని, బతికిన మనిషిని యుద్ధంలో చంపి, చనిపోయిన పిల్లవాడి చేత రేవులో తాడు లాగించి, డెబ్బై ఏళ్లదాకా బతికించాం. ముద్ర వేస్తుంటే ఇంకుప్యాడ్ ఎండిపోయింది, మళ్లీ తడిపి వేయాల్సి వచ్చింది.

గణతంత్ర దినాన ఆవిష్కరణ జరిగింది. మైకులో పేర్లు చదివారు. ఐదో పేరు చదివి, "ఈ వీరుడి తమ్ముడి కూతురు మన మధ్య ఉన్నారు" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆమె వేదిక మీదికి వెళ్లి శాలువా కప్పించుకుని దిగింది. జనం పలచబడ్డాక రాయి దగ్గరికి వచ్చి ఐదో వరుసను వేలితో నిమిరింది.

"మా నాన్న పేరు రాసి ఉన్న చోటు ముట్టుకోవడం ఇదే మొదటిసారండి" అంది.

"సమాధి మీద లేదా?" అన్నాను.

"కార్డు అడిగారండి. కార్డులో ఉన్నదే చెక్కారు." శాలువా మడతపెట్టి సంచిలో పెట్టుకుంటూ, "బాబాయికి మాత్రం ఎక్కడా ఏమీ లేదు మేడమ్ గారూ. పదిహేడేళ్లండి ఆయనకి. ఎక్కడ పడిపోయాడో కూడా తెలీదు" అంది. రేపల్లె బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

జనవరి ముప్పై ఒకటి, బుధవారం నా ఆఖరి రోజు. మూడు గంటలకు సన్మానం. అంతకుముందే పెండింగు ఫైళ్లన్నీ మూసేయాలని కూర్చున్నాను. మూసే ప్రతి ఫైలు మీదా దాన్ని ఎన్నాళ్లు ఉంచాలో రాయాలి. ఏడాది, మూడేళ్లు, పదేళ్లు, లేదా ఎప్పటికీ. గడువు దాటినవాటిని తగలబెట్టేస్తారు. ఎప్పటికీ ఉంచాల్సిన వాటికి ఆర్.డిస్. అని రాస్తారు.

మా అమ్మాయి స్తంభం ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"మేడమ్, దీనికి మూడేళ్లు పెట్టేద్దాం" అంది. "ఎవరు అడుగుతారు? మూడేళ్లకి బూడిదైపోతుంది. రాయి ఉంటే ఉంటుంది. కనీసం మీ సంతకమైనా ఉండదు కదా."

ఆ అమ్మాయి నా మీద అభిమానంతోనే అంది. ఫైలు చేతిలోకి తీసుకున్నాను. నూట పన్నెండు పేజీలు. పేజీ నంబర్లు ఒకసారి సరిచూసుకున్నాను, అన్నీ ఉన్నాయి.

"స్మారకాలకు సంబంధించినవి ఏ తరగతి?" అన్నాను.

ఆమెకు తెలుసు.

ఎర్ర సిరా పెన్ను తీసుకుని, ఫైలు మీద ఆర్.డిస్. అని రాసి, తారీకు వేసి, రికార్డు రూముకు పంపేశాను.